కారణం చెప్పని ఇన్‌స్టాలర్

పిన్ని ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ వేసే పని అయిపోయింది, అయినా నిద్ర రావట్లేదు. ఇన్‌స్టాలర్ ఆగిపోయినప్పుడల్లా తెర మీదికొచ్చిన ఆ ఒక్క ముక్క, "ఏదో సమస్య వచ్చింది, మళ్ళీ ప్రయత్నించండి", ఇంకా బుర్రలో తిరుగుతోంది. ఏం సమస్య? ఎక్కడ వచ్చింది?

విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కదా, ఆ మెషీన్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు, విండోస్ 11 ఎక్కదు. నిక్షేపంలాంటి కీబోర్డు, చాలినంత ర్యామ్ ఉన్నదాన్ని పారేయడం ఇష్టంలేక లినక్స్ వేస్తానన్నాను. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయింది, భాష అడిగింది, తర్వాత ఒకసారి డిస్కుని భాగాలు చేసే పార్టిషన్ల దగ్గర, ఇంకోసారి ఫైళ్ళు కాపీ అవుతుండగా, ఒకసారైతే డెస్క్‌టాప్ కూడా రాకుండానే ఆగిపోయింది.

ఎవర్ని అడిగినా నోమోడ్‌సెట్ పెట్టమనే. అది తెర మోడ్ మార్చొద్దని, సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌కి చెప్పే ఆప్షన్, తెర నల్లబడిపోయే చోట బాగా పనికొస్తుంది, మరి ఒక్కోసారి ఒక్కోచోట ఆగేదానికి అదెందుకు? సెక్యూర్ బూట్ తీసెయ్యమని ఇంకొకరు. డిజిటల్ సంతకం లేని బూట్‌లోడర్ని, అంటే సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్‌ని, అది మొదట్లోనే ఆపేస్తుంది, లోపలికొచ్చి భాష అడిగాక కాదు. నాడి చూడకుండా మందు రాసిచ్చినట్టుంది, నాకు నిజంగా కోపం వచ్చింది.

చివరికి బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో 'ఈ' నొక్కి, కెర్నల్ లైన్లో సందేశాలు దాచి లోగో చూపించే క్వయట్, స్ప్లాష్ అన్న రెండు మాటలూ చెరిపేసి, ఎఫ్10 కొట్టాను. అప్పుడు బయటపడింది, స్క్వాష్‌ఎఫ్ఎస్ ఎర్రర్, ఫలానా బ్లాక్ చదవలేకపోతున్నానంటూ వరసగా. పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ సిస్టమ్ అంతా స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే పద్ధతిలో కుదించిన పెద్ద ఫైల్లో ఉంటుంది, ఏ ముక్క కావాలంటే ఆ ముక్క అప్పటికప్పుడు చదువుకుంటుంది, కాబట్టి పాడైన ముక్క అవసరం పడేదాకా అంతా బాగున్నట్టే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోకి రాసిన ఐఎస్ఓ ఫైలు షా256, అంటే ఫైలు పాడవలేదని తేల్చే గుర్తు, ముందే సరిచూశాను, అందులో తేడా లేదు. పెన్‌డ్రైవ్ తీసి మళ్ళీ పెట్టి ఫైళ్ళు పోల్చే సీఎంపీ కమాండ్‌తో ఐఎస్ఓ సైజు వరకూ పోలిస్తే తేడా వచ్చింది, తిరిగి రాసి పోలిస్తే ఇంకోచోట. పెన్‌డ్రైవే పోయింది.

లినక్స్‌లోనే ఒక రకమైన ఉబుంటు వాళ్ళు 2011 దాకా సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవాళ్ళు. అన్నయ్య తెప్పించిన సీడీ మీద గీత పడింది. డ్రైవ్ గిర్రున తిరిగి, నెమ్మదించి, టిక్ టిక్ మని, మళ్ళీ వేగం అందుకునేది. అన్నయ్య సీపీయూ మీద చెయ్యి వేసి "ఇక్కడ చదవలేకపోతోంది రా, ఆగు" అనేవాడు, నేను ఊపిరి బిగబట్టి వినేవాణ్ణి. మెనూలోనే డిస్కు బాగుందో లేదో చూసే ఆప్షన్ ఉండేది, ముందు అది నడిపించి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి, మళ్ళీ పెట్టేవాడు. అన్నయ్య దగ్గర అంత ఓపిక నేను తర్వాత దేనికీ చూడలేదు, ఉద్యోగంలో చేరాక అసలే లేదు. ఎక్కడ ఇబ్బందో చెవికి తెలిసేది. పెన్‌డ్రైవ్ చప్పుడు చెయ్యదు.

ఇన్‌స్టాలర్లన్నిట్లో ఆ స్ప్లాష్ తీసెయ్యాలని రాద్దామనే కూర్చున్నాను. కానీ అక్షరాలు పరుగెడుతుంటే పక్కన పిన్ని "పాడైపోయిందా నాన్నా?" అంటూ బెంబేలెత్తిపోయింది. బాగా నడుస్తున్నప్పుడు కూడా అవి అలాగే పరుగెడతాయి, ఆవిడకి అవెందుకు? లోగో ఉండనీ. కూలిపోయిన క్షణంలో మాత్రం "ఈ డ్రైవ్ చదవడం కుదరట్లేదు, వేరేది వాడండి" అని ఒక్క లైను చూపించాలి. కెర్నల్‌కి తెలుసు, లాగ్‌లో రాసుకుంది కూడా, మనిషికే చెప్పలేదు. బూట్‌కి ముందే మీడియా సరిచూసే ఇన్‌స్టాలర్లు ఉన్నాయి, దీన్లో అదీ లేదు.

వేరే పెన్‌డ్రైవ్‌తో ఎక్కడా ఆగకుండా ఎక్కింది. పిన్ని బ్రౌజర్ తెరిచి చూసుకుని సంతోషపడింది. వైఫై మాత్రం గది దాటితే తెగిపోతోంది, డ్రైవర్ సంగతి రేపు చూడాలి.