హాస్యకథ అచ్చయ్యే దాకా

మామూలు కథలో ఒక పేరా నీరసంగా ఉన్నా చదివేవాళ్ళు సర్దుకుని ముందుకు వెళ్తారు. హాస్యకథలో ఆ పేరా దగ్గరే పేజీ తిప్పేస్తారు. విజయవాడలో ఇంట్లోనే డీటీపీ, అంటే కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలు పెట్టే పని, చేసుకుంటూ, ప్రూఫులు దిద్దుకుంటూ నేను చాలా ఏళ్ళుగా హాస్యం రాస్తున్నాను. వారపత్రికలకు, ఆదివారం అనుబంధాలకు, రేడియోకి, ఈ మధ్య యూట్యూబ్ ఛానెళ్ళకు పంపుతుంటాను. పత్రికలకు ఎలా పంపాలి, ఎన్నాళ్ళు ఆగాలి, డబ్బులు వస్తాయా అని కొత్తగా రాసేవాళ్ళు అడుగుతూ ఉంటారు. నాకు ఎలా జరిగిందో చెబుతాను.

నేను మొదలుపెట్టినప్పుడు అంతా పోస్టే. కాగితానికి ఒకవైపే రాయాలి, మార్జిన్ వదలాలి. ఈ కథ నా సొంతం, అనువాదమూ అనుకరణా కాదు, వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు అని హామీపత్రం రాసి సంతకం పెట్టాలి. కథ తిరిగి కావాలంటే సొంత చిరునామా రాసి, తగినన్ని స్టాంపులు అంటించిన కవరు జతచేయాలి. జిరాక్సు నా దగ్గర ఉన్నా సరే ఆ కవరు తప్పకుండా పెట్టేదాన్ని. ఎందుకంటే తిరిగొచ్చిన కాగితాల మీద ఒక్కోసారి పెన్సిల్ గీత ఉండేది. చదివినవాళ్ళు ఎక్కడ ఆగారో ఆ గీతని బట్టి తెలిసేది. ఈమెయిల్ వచ్చాక ఖర్చు తగ్గింది, ఆ గీత కూడా పోయింది. ఇప్పుడు జవాబు వస్తే తీసుకున్నట్టు, రాకపోతే లేనట్టు. రెండు మూడు నెలలు చూసి, ఒక ముక్క రాసి కనుక్కుని, ఆ తర్వాతే ఇంకో పత్రికకు పంపుతాను. ఒకే కథ ఇద్దరికీ ఒకేసారి పంపడం హామీపత్రం రాసిచ్చినవాళ్ళు చేయకూడని పని.

ఫాంట్ల గొడవ కూడా చెప్పాలి. చాలా పత్రికల్లో పేజీలు 'అను' అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా వాడే యూనికోడ్‌లో మనం పంపితే, అటు మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోయేవి, అక్షరాలు తారుమారయ్యేవి. హాస్యంలో మాట విరుపు చెడితే నవ్వు ఉండదు. అందుకే ఇప్పటికీ యూనికోడ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా జతచేస్తాను. దిద్దేవాళ్ళు పక్కన పెట్టుకుని సరిచూసుకుంటారు.

ఒక కథ ఎలా తయారైందో వివరంగా చెబుతాను. అపార్టుమెంటులో నీళ్ళ మోటారు గది తాళంచెవి మీద రాసిన కథ అది. అసోసియేషన్ ప్రెసిడెంటు ఊరెళ్తూ తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోతాడు. ట్యాంకు ఖాళీ. తాళం పగలగొడదామంటే, అది అసోసియేషన్ డబ్బుతో కొన్నది కాబట్టి తీర్మానం కావాలంటాడు రిటైరైన తహసీల్దారు. మీటింగు పెడితే కోరం చాలదు. రాత్రంతా వాదించుకున్నాక తెల్లవారుజామున తెలుస్తుంది, గదికి అసలు తాళమే వేసి లేదని, గడియ మాత్రమే పెట్టి ఉందని.

మొదట పంపిన పత్రిక నుంచి జవాబు రాలేదు. రెండో పత్రిక సబ్ ఎడిటర్ ఫోన్ చేశారు. "అమ్మా, కథ బాగుంది. కానీ మొదటి నవ్వు వచ్చేసరికి రెండో పేజీ అయిపోతోంది. మా దగ్గర ఉన్నదే రెండు పేజీల జాగా" అన్నారు.

"ఎక్కడ మొదలుపెట్టమంటారండీ?"

"ట్యాంకు ఖాళీ అయిన దగ్గరే మొదలుపెట్టండి. ఏ ఫ్లాటులో ఎవరుంటారో వాళ్ళ మాటల్లో తెలిసిపోతుంది కదమ్మా."

ఆ ఒక్క మాటతో కథ రూపమే మారింది. ఫ్లాట్ల వర్ణన, కుటుంబాల పరిచయాలు తీసేశాను. తహసీల్దారు గారు ఎవరో చెప్పడానికి ఆయన "ముందు మినిట్స్ బుక్కు తీయండి" అంటే చాలు. హాస్యబ్రహ్మ అనిపించుకున్న భమిడిపాటి కామేశ్వరరావు గారు రాజమండ్రిలో బడిపిల్లలకు లెక్కలు చెప్పేవారు. ఆ సంగతి విన్నప్పుడు నాకు ఏమాత్రం ఆశ్చర్యం వేయలేదు. ఈ పనిలో ఒక మాట ఎక్కువైనా తెలిసిపోతుంది.

పంపే ముందు ప్రతి కథా మా అత్తగారికి పైకి చదివి వినిపిస్తాను. ఆవిడ గోంగూర తుంచుకుంటూ వింటారు. పెద్దగా నవ్వే మనిషి కాదు. తుంచుతున్న చేతులు ఆగాయంటే ఆ వాక్యం ఉంచుతాను. "మళ్ళీ చదువమ్మా" అన్నారంటే అక్కడ మాటలు చిక్కుపడ్డాయని అర్థం. ఎదురుగా ఒక మనిషి లేకుండా హాస్యాన్ని సరిచూసుకోవడం నాకు తెలియదు.

కథ అచ్చయింది. చాలా చక్కని బొమ్మ వేశారు. అయితే ఆ బొమ్మలో మోటారు గది తలుపు బార్లా తెరిచి ఉంది, గడియ వేలాడుతోంది, జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. కథ పేరు కింద పెద్దగా అచ్చయిన ఆ బొమ్మ చూశాక ఆఖరి వాక్యానికి ఇక ఏం బలం ఉంటుంది? నాకు నిజంగా బాధ కలిగింది. బొమ్మ వేసినవారి తప్పు కాదది. ఆయన కథంతా చదివి, అందులో కళ్ళకు కట్టే ఘట్టాన్ని ఎంచుకున్నారు. అప్పటి నుంచి కథతో పాటు వేరే కాగితం మీద నాలుగు ముక్కలు రాసి పెడుతున్నాను. "ముగింపు బొమ్మలో కనపడకుండా చూడగలరు, మీటింగు సన్నివేశం బాగుంటుంది" అని. మర్యాదగా అడిగితే ఎవరూ కాదనలేదు. హాస్యం రాసే ప్రతివాళ్ళూ ఇది చేయాలని గట్టిగా చెబుతాను.

విషయాల దగ్గర నేను పట్టుదలగా ఉంటాను. "భార్యాభర్తల మీద రాయండి, త్వరగా పడుతుంది" అని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. భార్య నోరు, భర్త జేబు, అత్తగారి గయ్యాళితనం, లావుపాటి మనిషి, నత్తి మాట్లాడే మనిషి. వీటి మీద రాస్తే అచ్చవడం తేలిక. నేను రాయను. మనుషుల శరీరాన్ని చూసి నవ్వించడం నాకు నచ్చదు. మన చుట్టూ నవ్వుకు ఎంత సరుకు ఉంది! వినాయక చవితి చందాలు, పెళ్ళిలో రెండో బంతికి కూర్చున్నవాళ్ళ ఆదుర్దా, బ్యాంకులో కేవైసీ ఫారాలు, బస్సులో కర్చీఫు వేసి సీటు ఆపడం. వీటిల్లో మనుషులు కనిపిస్తారు, ఎవరూ చిన్నబోరు.

పండగ సంచికలకు రాసేవాళ్ళు కాలం కంటే ముందుండాలి. ప్రత్యేక సంచిక పని చాలా ముందే మొదలవుతుంది కాబట్టి దీపావళి కథ ఆషాఢంలోనే పంపేస్తాను. ఉగాది పంచాంగ శ్రవణం మీద రాయాలంటే సంక్రాంతి లోపు అయిపోవాలి. కథల పోటీల ప్రకటనలు కూడా పండగల ముందే ఎక్కువ. బహుమతి రాకపోయినా "సాధారణ ప్రచురణకు స్వీకరించాం" అనే జవాబు వస్తుంది. దాన్ని తక్కువగా చూడకండి, నా కథలు చాలావరకు ఆ దారిలోనే అచ్చయ్యాయి.

హాస్యానికి జాగా మాత్రం తగ్గిపోతోంది. 2001లో శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారి ప్రోత్సాహంతో 'హాసం' అని హాస్యానికీ సంగీతానికీ కలిపి ఒక పత్రిక వచ్చింది. కొన్నేళ్ళకే ఆగిపోయింది. అలాంటిది మళ్ళీ రావాలని ఇప్పటికీ కోరుకుంటాను. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు, నా కథ తీసుకున్నామని జవాబిచ్చిన ఒక పత్రిక ముద్రణే ఆపేసింది. కథ వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. వెనక్కి తీసుకుంటున్నానని మెయిల్ పెట్టి, సరేనని జవాబు వచ్చే దాకా ఆగాను. వాళ్ళ ఉద్యోగాలే పోతున్న సమయంలో నా కథ గురించి అడగడం కష్టంగా అనిపించింది, అయినా అడగాలి.

రేడియో నాకు ఎంతో నేర్పింది. మా ఊళ్ళో ఆకాశవాణి కేంద్రం 1948 నుంచి ఉంది. చిన్నప్పుడు విన్న నాటికలే నన్ను రాయించాయి. రేడియోకి రాసేటప్పుడు కంపెనీల పేర్లు ఉండకూడదు, కులమతాలను నొప్పించకూడదు, అసభ్యత అసలు కుదరదు. ముఖం చూపించి నవ్వించే వీలు లేదు. అంతా మాటలోనూ, చప్పుడులోనూ ఉండాలి. ఖాళీ బకెట్టు నేల మీద పెట్టిన చప్పుడు ఎక్కడ రావాలో కూడా స్క్రిప్టులో రాస్తాను. స్క్రిప్టు ఒప్పుకుంటే కాంట్రాక్టు కాగితం మీద సంతకం, ఆ తర్వాత పారితోషికం. ఆ పద్ధతి నాకు ఇష్టం.

డబ్బు సంగతికి వస్తే, ఒక పేజీ కథకు వచ్చేది కొన్ని వందల రూపాయలు. పూర్వం మనియార్డరు, తర్వాత చెక్కు, ఇప్పుడు నేరుగా ఖాతాలో. కొన్ని చోట్ల అసలు ఇవ్వరు. హాస్యం ఒక్కదాని మీద ఇల్లు గడవదు, నా ఇల్లు డీటీపీ మీద గడుస్తోంది. స్కూలు వార్షికోత్సవాలకు స్కిట్లు, పెళ్ళి సంగీత్‌లకు సరదా స్క్రిప్టులు రాస్తే పత్రికల కంటే ఎక్కువే వస్తుంది. డబ్బు తక్కువైనా ఒప్పుకుంటాను గానీ, పేరు వేయకపోతే ఒప్పుకోను. "పేరు సంగతి తర్వాత చూద్దాం మేడమ్" అన్న ఒక ఛానెల్‌కు స్కిట్ ఇవ్వకుండా వచ్చేశాను. వేషం వేసినవాళ్ళ పేరు, కెమెరా పట్టినవాళ్ళ పేరు ఉన్నప్పుడు రాసినవాళ్ళ పేరు ఎందుకు ఉండకూడదు?

ఈ మధ్య కాలేజీ చదువు ముగించిన పిల్లలు కొందరు కలిసి ఒక ఛానెల్ పెట్టారు. మొదటి టైటిల్స్‌లోనే నా పేరు వేస్తామన్నారు. వాళ్ళకు మోటారు గది కథను స్కిట్‌గా మార్చి ఇచ్చాను. షూటింగ్ అయ్యాక ఫోన్ చేసి, "ఆంటీ, గడియ తీసే షాట్ అదిరింది, థంబ్‌నెయిల్‌లో అదే పెడతాం" అన్నారు. వద్దు నాన్నా, తహసీల్దారు గారు మినిట్స్ బుక్కు పట్టుకున్నది పెట్టండి అన్నాను. ఎందుకో చెప్పాక వాళ్ళూ సరేనన్నారు.