ఏడేళ్ల ఖాళీ కుర్చీ కోసం నేను చేసిన ఫోన్లు

2022 ఏప్రిల్ చివర్లో మొదటిసారి ఒక సెనేటర్ ఆఫీసుకు ఫోన్ చేశాను. అప్పటికి నాకు అమెరికా పౌరసత్వం వచ్చి మూడేళ్లు. ఓటైతే వేశాను గానీ, ఇలా ఫోన్ చేసి నా మాట చెప్పుకోవచ్చని తెలిసినా ధైర్యం చేయలేదు. తుపాకుల చట్టాలను అమలు చేసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్‌కు డైరెక్టర్‌గా స్టీవ్ డెటెల్‌బాక్ పేరును ఏప్రిల్ 11న అప్పటి అధ్యక్షుడు బైడెన్ ప్రకటించారు. దానికి సెనేట్ ఓటు వేసి ఒప్పుకోవాలి. ఆయన మా ఒహాయో మనిషే. అప్పటి మా సెనేటర్లలో షెరాడ్ బ్రౌన్ డెమొక్రాట్, ఆయన ఓటు గురించి బెంగ లేదు. రెండో ఆయన రాబ్ పోర్ట్‌మన్ రిపబ్లికన్. అడగాల్సింది ఆయన్ని.

2017లో కాన్సాస్‌లోని ఒలేతేలో మన తెలుగు ఇంజనీర్‌ని బార్‌లో కాల్చి చంపినప్పుడు మా అమ్మ వైజాగ్ నుంచి ఫోన్ చేసి, వచ్చేయండి అని ఏడ్చింది. ఆ ఏడుపు నా చెవుల్లోంచి పోలేదు. అందుకే ఈ పనికి ఒప్పుకున్నాను.

ఫోన్లు చేయమని అడిగిన వాలంటీర్లు ఒక కాగితం ఇచ్చారు. ఫోన్ ఎత్తిన కుర్రాడు పేరు, జిప్ కోడ్ అడిగాడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను: తుపాకుల హింస ఆగాలి, ఈయన్ని ఆమోదించండి. "మీ అభిప్రాయం సెనేటర్‌కి చేరవేస్తాను" అన్నాడు మర్యాదగా. నిమిషం కూడా పట్టలేదు. గుండె దడ తగ్గాక, అసలు నేనేం చెప్పానని ఆలోచిస్తే ఏమీ చెప్పనట్టే అనిపించింది.

ఆ శనివారం డేటన్ దగ్గర గ్యాస్ స్టేషన్ నడిపే మా పెదనాన్నగారబ్బాయి దగ్గరికి వెళ్లాం. రాత్రి షిఫ్టు కూడా అన్నయ్యే చూసుకుంటాడు. ఒకసారి దొంగ వచ్చి తుపాకీ చూపించి గల్లాపెట్టె ఖాళీ చేసుకుపోయాక, లాటరీ టికెట్ల అద్దాల పెట్టె వెనక తనూ ఒక పిస్తోలు పెట్టుకున్నాడు. నా ఫోన్ల సంగతి చెప్పగానే మొహం మాడ్చుకున్నాడు.

"అదేంటి చెల్లాయ్, ఆయనొస్తే మా తుపాకులు లాగేసుకుంటాడట కదా?"

సరిగ్గా ఈ మాటతోనే ఏడాది ముందు ఇదే పదవికి బైడెన్ ఇచ్చిన డేవిడ్ చిప్‌మన్ పేరును ఆపేశారు. ఆయన ఏటీఎఫ్‌లో పాతికేళ్లు ఏజెంటుగా చేసినవాడు. కానీ తర్వాత తుపాకుల నియంత్రణ కోరే సంస్థలో చేరాడు కాబట్టి ఆ ఒక్కటే ఆయన ముద్రయిపోయింది. 1993లో టెక్సస్‌లోని వేకో దగ్గర ఏటీఎఫ్ దాడితో మొదలైన ముట్టడి మంటల్లో ముగిసి ఎందరో చనిపోయారు; ఆ కాలిపోయిన శిథిలాల్లో నిలబడ్డది ఆయనేనని ఎవరిదో ఫొటో కూడా తిప్పారు. 2021 సెప్టెంబర్‌లో బైడెన్ ఆ పేరు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అంతకుముందు ట్రంప్ పెట్టిన పేరూ ముందుకు కదల్లేదు. 2006 నుంచి ఈ పదవికి సెనేట్ ఆమోదం తప్పనిసరైతే, అప్పటిదాకా అది దక్కింది 2013లో టాడ్ జోన్స్ ఒక్కరికే. ఆయన 2015లో వెళ్లిపోయాక అంతా ఇన్‌చార్జులే.

అన్నయ్యకి నాకు తెలిసింది చెప్పాను. ఎవరి దగ్గర ఏ తుపాకీ ఉందో దేశమంతటికీ జాబితా పెట్టుకోవడం 1986 చట్టం ప్రకారమే కుదరదు. నేరం జరిగిన చోట తుపాకీ దొరికితే, వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న ఏటీఎఫ్ ఆఫీసు ఆ తుపాకీ మీది నంబరుతో తయారీ కంపెనీని అడుగుతుంది, తర్వాత హోల్‌సేలర్‌ని, ఆ తర్వాత షాపుని. మూతపడ్డ షాపుల కాగితాలు పెట్టెల్లో అక్కడికే చేరతాయి, వాటిలో వెతుక్కోవాలి.

"అంటే నన్ను బెదిరించినవాడి తుపాకీ ఎక్కడిదో వెతికేది వీళ్లేనా?"

"దొరికితే వీళ్లే, అన్నయ్యా."

"మరి ఫోన్లో ఆ మాట చెప్పొచ్చు కదమ్మా. హింస ఆగాలని ఎవరనరు?"

కౌంటర్ మీదే రసీదు వెనక కొత్తగా రాసుకున్నాం. మా అన్నయ్య రాత్రిపూట షాపు నడుపుతాడు, ఆయన దగ్గరా తుపాకీ ఉంది, దాన్ని తీసేయమని అడగట్లేదు. దొంగల తుపాకులు ఎక్కడివో వెతికే సంస్థకి ఏడేళ్లుగా సెనేట్ ఒప్పుకున్న అధిపతి లేడు. డెటెల్‌బాక్ ప్రాసిక్యూటర్‌గా చేసినవాడు, ఆ పనికి 2009లో ఇదే సెనేట్ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఇంతే. వైట్‌హౌస్ కూడా ఈసారి ఆయన నేరస్థులను కోర్టులో నిలబెట్టిన మనిషన్న మాటే ముందు పెట్టింది. అది సరైన పని అని నాకు గట్టిగా అనిపించింది, ఎందుకంటే అది అన్నయ్య చెవికి ఎక్కింది.

మే 24న టెక్సస్‌లోని యువాల్డీ బడిలో 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపేశారు. మర్నాడే సెనేట్ కమిటీ ముందు డెటెల్‌బాక్ హియరింగ్. మా పాపని బస్సెక్కించి వచ్చి టీవీ ముందు కూర్చున్నాను, చేతులు వణుకుతూనే ఉన్నాయి. అసాల్ట్ వెపన్ (సైనిక తరహా తుపాకీ) అంటే నిర్వచనం చెప్పండని సెనేటర్ టామ్ కాటన్ నిలదీశారు. అది కాంగ్రెస్ తేల్చాల్సిన విషయమని డెటెల్‌బాక్ దాటేశారు. అంతమంది పిల్లలు పోయిన మర్నాడు కూడా మాటల దగ్గరే ఆగిపోయారని ఏడుపొచ్చింది. ఆ వారం మూడుసార్లు ఫోన్ చేశాను. రెండోసారి గొంతు పూడుకుపోతే అవతలి అమ్మాయి "పర్లేదు, టైం తీసుకోండి" అంది.

కమిటీలో ఓట్లు 11–11 దగ్గర ఆగితే, మొత్తం సెనేట్ దాకా లాక్కురావాల్సి వచ్చింది. జులై 12న ఓటింగ్. 48–46. రిపబ్లికన్లలో అవునన్నది ఇద్దరే. పేర్లు చూసి వెంటనే డేటన్‌కి ఫోన్ కలిపాను. అన్నయ్య గల్లా లెక్క చూసుకుంటున్నాడు.

"మన పోర్ట్‌మన్ ఏం వేశాడు?" అన్నాడు.

"అవునన్నాడు, అన్నయ్యా. ఆయనా, మెయిన్ రాష్ట్రం నుంచి సుసాన్ కాలిన్స్."

"ఆగు చెల్లాయ్, మీ వదినని పిలుస్తా, తనకి కూడా చెప్పు" అన్నాడు.