టక్‌మని ఆగిపోయిన సెల్ఫ్: నా అనుభవం

నిన్న సాయంత్రం మా కారు ఒక్కసారి తాళం తిప్పగానే స్టార్టయింది. గోళ్ల సందుల్లో గ్రీజు నలుపు ఇంకా పోలేదు. సెల్ఫ్, అంటే ఇంజిన్‌ను మొదట తిప్పి స్టార్ట్ చేసే మోటారు, మొరాయించిన ఈ పదకొండు రోజుల్లో ఏం జరిగిందో, ఎక్కడ డబ్బు పోగొట్టుకున్నానో, ఎక్కడ తలవంచుకుని నిలబడ్డానో మరిచిపోకముందే రాసిపెడుతున్నాను. మాది 12 ఏళ్ల నాటి చిన్న పెట్రోలు కారు. నేను నల్లగొండలో ఉంటూ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మెకానిక్‌ను కాను గానీ, పానా పట్టుకోవడం, మీటర్ పెట్టి చూడడం చిన్నప్పటి నుంచి అలవాటు.

మిర్యాలగూడలోని మా చెల్లెలి ఇంటి నుంచి తిరిగి వస్తూ తిప్పర్తిలో చాయ్ కోసం ఆగాం. మే నెల ఎండ, పైగా ఇంజిన్ వేడి మీద ఉంది. పది నిమిషాల తర్వాత తాళం తిప్పితే ఒక్కటే చప్పుడు: టక్. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. హోటల్ దగ్గర ఉన్నవాళ్లు నెట్టారు, రెండో గేరులో క్లచ్ వదిలితే ఇంజిన్ అందుకుంది, ఇల్లు చేరాం. మర్నాడు పొద్దున మాత్రం ఏమీ జరగనట్టు మామూలుగా స్టార్టయింది.

ఆ రోజే ఒక బ్యాటరీ దుకాణానికి వెళ్లడం నేను చేసిన మొదటి తప్పు. అక్కడి మనిషి బానెట్ ఎత్తి, బ్యాటరీ మీదున్న తేదీ చూసి, "మూడేళ్లయింది సార్, పోయింది" అన్నాడు. మీటర్ పెట్టలేదు, ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీని పరీక్షించే లోడ్ టెస్టర్ అసలే తీయలేదు. ఇంటి దగ్గర నేను చూసినప్పుడు అదే బ్యాటరీ 12.5 వోల్టులు చూపింది. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీకి అది మంచి అంకె. ఆ సంగతి తెలిసి కూడా అతని మాట నమ్మి 4,800 రూపాయలు ఇచ్చి, బాగున్న పాత బ్యాటరీని అక్కడే వదిలేసి వచ్చాను. రెండు రోజులకు కొత్త బ్యాటరీతోనే మళ్లీ అదే టక్ వినిపించింది. కొలవకుండా సామాను అంటగట్టే దుకాణదారుల మీద నాకున్న కోపం ఇప్పట్లో తగ్గేది కాదు. ఎవరైనా సరే, తమ కళ్ల ముందు మీటర్ పెట్టి అంకె చూపనిదే బ్యాటరీకి డబ్బు ఇవ్వకండి.

అప్పుడు గానీ నేను కుదురుగా కూర్చుని ఆలోచించలేదు. సెల్ఫ్ కొట్టినప్పుడు వచ్చే చప్పుడే సగం జబ్బు చెబుతుంది. టకటకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో చార్జి లేదని, లేదా టెర్మినళ్లు వదులయ్యాయని అర్థం. గట్టిగా ఒక్కటే టక్‌మని ఆగితే హెడ్‌లైట్ల వైపు చూడాలి. చీకటి పడ్డాక కారును గోడకు ఎదురుగా పెట్టి, లైట్లు వేసి, తాళం తిప్పాను. సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పాలంటే నూరు ఆంపియర్లకు పైగా లాగుతుంది. అంత కరెంటు పోతే లైట్లు తప్పకుండా మసకబారాలి. గోడ మీది వెలుగు మాత్రం వీసమంత కూడా తగ్గలేదు. అంటే మోటారులోకి కరెంటే పోవడం లేదు. బ్యాటరీ సంగతి అక్కడితో తేలిపోయింది. మోటారు మీది సన్న వైరులో తాళం తిప్పినప్పుడు 11.8 వోల్టులు వస్తున్నాయి కాబట్టి తాళం స్విచ్చి, రిలే కూడా బాగున్నట్టే. పెద్ద వైరు తగిలే బోల్టు దగ్గర 12.4 ఉంది. ఇంజిన్ ఎర్త్ వైరులో నష్టం లేదు. ఇక మిగిలింది మోటారే. నిజానికి విప్పకముందే ఇంకొక్క కొలత తీసుకోవాల్సింది. అది తీసుకోకపోవడం వల్లే ఆ తర్వాతి అవమానమంతా జరిగింది.

విప్పడం అరపూట పని. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీసేయాలి, దీనికి మినహాయింపు లేదు. మోటారు మీది పెద్ద బోల్టుకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది, పానా అటు బోల్టుకూ ఇటు ఇంజిన్‌కూ ఒకేసారి తగిలిందంటే చెయ్యి కాలుతుంది. బండిని ఎత్తడానికే జాకీ, దాన్ని నమ్ముకుని కిందికి దూరకూడదు. మా బావమరిది దగ్గరున్న ఇనుప స్టాండ్లు తెచ్చి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, అప్పుడు కింద పడుకున్నాను. మోటారును పట్టి ఉంచేవి రెండే బోల్టులు. కిందిది కనబడుతుంది, పైది చేతి తడుముడుకే తెలుస్తుంది. పొడుగు ఎక్స్‌టెన్షన్ వేసి, తుప్పుకు నూనె కొట్టి గంటసేపు వదిలేస్తే అది కూడా వచ్చింది.

ఆ మోటారును గోనెసంచిలో వేసుకుని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దుకాణానికి తీసుకెళ్లాను. యజమాని నా పాత విద్యార్థి. చదువు పదో తరగతితో ఆపినా పనిలో మంచి పేరు తెచ్చుకున్నాడు. దుకాణం ముందు ట్రాక్టరు వాళ్లు, ఆటోల వాళ్లు కలిపి ఓ ఏడెనిమిది మంది ఉన్నారు. నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు. నేను కూర్చోకుండానే, సొలెనాయిడ్ (మోటారు మీదుండి దానికి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చి) పని చేస్తోంది గానీ మోటారు తిరగడం లేదని, లైట్లు మసకబారలేదని, ఎక్కడెక్కడ ఎన్ని వోల్టులు వచ్చాయో కాగితం చూసి చెప్పాను. అతను వింటూనే మోటారును కాలి కింద తొక్కిపెట్టి, బ్యాటరీ నుంచి రెండు లావు కేబుళ్లు తగిలించి, సన్న వైరుకు కరెంటు ముట్టించాడు. పళ్లచక్రం టక్కున ముందుకు దూకింది, మోటారు గుయ్యిమని తిరిగింది. మళ్లీ ముట్టించాడు, మళ్లీ తిరిగింది. అలా ఆరుసార్లు చేస్తే ఆరుసార్లూ తిరిగింది.

"సార్, గిది మంచిగనే ఉన్నది గదా. ఊకెనే ఇప్పుకొచ్చిండ్రు" అన్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. నేను మళ్లీ లైట్ల సంగతి చెప్పబోతే, అతను నెమ్మదిగానే, గౌరవంగానే, "పుస్తకాల సదువు ఏరు, గీ పని ఏరు సార్. మీటర్ల లెక్కలతోని బండ్లు నడువయి" అన్నాడు. ఆ మాట నన్ను తాకినంతగా ఆ నవ్వు తాకలేదు. ఓమ్ నియమం ఈ అబ్బాయికి చెప్పింది నేనే. ఒక నియమం తరగతి గదిలో నిజమై బండి కింద అబద్ధమైతే అది నియమమే కాదని ఇరవై రెండేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. ఆ దుకాణం ముందు, అంతమందిలో, నా దగ్గర సమాధానం లేదు. మోటారు తిరుగుతోంది, అందరూ చూస్తున్నారు. డబ్బు వద్దన్నా చేతిలో నూరు రూపాయలు పెట్టి, సంచి ఎత్తుకుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మా ఇంటామె, "తిరిగితే మంచిదేనాయె, మళ్ల బిగించి సూడరాదు" అంది. పొద్దున్నే బిగించాను. నాలుగుసార్లు స్టార్టయింది, ఐదోసారి టక్.

అప్పుడు తీసుకున్నాను నేను వదిలేసిన ఆ కొలత. సెల్ఫ్ మీది సొలెనాయిడ్‌కు రెండు లావు బోల్టులు ఉంటాయి. ఒకదానికి బ్యాటరీ వైరు వస్తుంది, రెండోదాని నుంచి మోటారులోకి పోతుంది. లోపల తీగచుట్ట ఇనుప కడ్డీని లాగినప్పుడు రెండు పనులు జరుగుతాయి. ఒక కొసన పళ్లచక్రం ఫ్లైవీల్ (ఇంజిన్‌కు బిగించి ఉండే పెద్ద చక్రం) పళ్లలోకి పోతుంది, రెండో కొసన ఒక రాగి బిళ్ల ఆ రెండు బోల్టులనూ లోపలి వైపు కలుపుతుంది. టక్‌మనే చప్పుడు కడ్డీది. బిళ్ల తగిలినా కరెంటు పోతుందో లేదో ఆ చప్పుడు చెప్పదు. బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజిన్ అందుకోకుండా పెట్రోలు పంపు ఫ్యూజు తీసేశాను. మీటర్ వైర్లను క్లిప్పులతో తగిలించి, నేను బండి కింది నుంచి పూర్తిగా బయటికి వచ్చాకే మా అబ్బాయిని తాళం తిప్పమన్నాను. టక్‌మన్న ప్రతిసారీ బ్యాటరీ వైపు బోల్టుకు 12.3 వోల్టులు, మోటారు వైపు బోల్టుకు 0.6 వోల్టు. రెండు బోల్టుల మధ్య దూరం రెండంగుళాలు కూడా లేదు, ఆ రెండంగుళాల్లోనే దాదాపు 12 వోల్టులూ ఆగిపోతున్నాయి. మోటారు వైపు కూడా 12 వచ్చి తిరగకపోతే కార్బన్ల (మోటారులో తిరిగే భాగానికి ఒరుసుకుంటూ కరెంటు అందించే ముక్కల) మీద అనుమానపడాలి. ఇక్కడ అది కాదు, తప్పు బిళ్ల దగ్గరే. ఫోనులో వీడియో తీశాను.

ఆ దుకాణంలో ఎందుకు తిరిగిందో కూడా అప్పుడే బోధపడింది. కాలి కింద ఖాళీగా తిరిగే మోటారుకు కరెంటు తక్కువ చాలు, కాలిన బిళ్ల కూడా ఆ మాత్రం పంపగలదు. పైగా అక్కడ మోటారు చల్లగా ఉంది, సంచిలో కుదుపుకు బిళ్ల కొంత పక్కకు తిరిగి కాలని భాగం తగిలి ఉంటుంది. ఇంజిన్‌ను తిప్పే బరువు మీద పడినప్పుడు గానీ దాని అసలు స్థితి బయటపడదు. సెల్ఫ్ మోటారును బెంచీ మీద తిప్పి బాగుందని ఎవరైనా చెబితే, అది సగం పరీక్షేనని ధైర్యంగా చెప్పండి. తిరగకపోతే పాడైనట్టే, తిరిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు.

మళ్లీ విప్పి అదే దుకాణానికి వెళ్లాను. వీడియో చూపించి, "సొలెనాయిడ్ మూత తియ్యి బిడ్డా" అన్నాను. అతను ఏమీ అనకుండా టంకం కరిగించి మూత తీశాడు. బిళ్ల అతని అరచేతిలో పడింది, పెద్ద బొట్టుబిళ్లంత ఉంటుంది. ఒక అంచున సగానికి పైగా నల్లగా మాడి, పురుగు తొలిచినట్టు గుంటలు పడి ఉంది. మిగిలిన సగంలో రాగి ఇంకా ఎర్రగా మెరుస్తోంది. మూతలోని బోల్టు తలల్లో ఒకటి ఏటవాలుగా కరిగిపోయింది. అతను ఆ బిళ్లను బొటనవేలితో రెండుసార్లు తిప్పి చూశాడు. "లోడ్ మీద సూడకపోతి సార్" అన్నాడు. అంతమందిలో అన్న మాటకు అంతమందిలోనే ఒప్పుకున్నాడు, అతని మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ బిళ్ల అడిగి తెచ్చుకున్నాను. బడి తెరిచాక విద్యుత్ పాఠం చెప్పేటప్పుడు పదో తరగతి పిల్లల చేతికి ఇస్తాను.

సొలెనాయిడ్ ఒక్కటే మార్చినా బండి నడిచేది. కానీ మోటారు విప్పి చూస్తే కార్బన్లు చివరికి అరిగిపోయాయి, వెనక బుష్ (ఇరుసు తిరిగే లోహపు గొట్టం) వదులైంది. ఇంకో ఆరు నెలలకు మళ్లీ అదే చోట పడుకోవడం ఇష్టం లేక మొత్తం మోటారే మార్చాలనుకున్నాను. సికింద్రాబాద్ రాణీగంజ్‌కు బస్సులో వెళ్లి, పాతదాన్ని కౌంటరు మీద పెట్టి, కొత్తదాన్ని దాని పక్కన పెట్టమన్నాను. పళ్లచక్రం పళ్లు లెక్కపెట్టాను, బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలిచాను, లేబుల్ మీది కిలోవాట్లు సరిచూశాను. దుకాణదారు విసుక్కున్నా పట్టించుకోలేదు. మొదట ఇచ్చినదానికి ఒక పన్ను తక్కువ ఉంది. అది తెచ్చి బిగించి ఉంటే ఫ్లైవీల్ పళ్లు కొరుక్కుపోయేవి, అది మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. సరైనది 5,200 రూపాయలైంది, పాతదాన్ని తుక్కు లెక్కన తీసుకుని 400 తగ్గించారు.

బిగించడంలో రెండే జాగ్రత్తలు చెబుతాను. మోటారుకు వేరే ఎర్త్ వైరు ఉండదు, దాని ఒంటి ద్వారానే కరెంటు తిరిగి వస్తుంది కాబట్టి ఇంజిన్‌కు ఆనే ముఖాన్ని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాలి. సొలెనాయిడ్ మీది నట్టును బలం కొద్దీ బిగించకూడదు, బోల్టు తిరిగిందంటే మూత పగులుతుంది, కొత్త మోటారు ఆ క్షణంలోనే పాతదవుతుంది. బ్యాటరీ నెగటివ్ అన్నిటికంటే చివర.

తాళం తిప్పినప్పుడు బ్యాటరీ 10.7 వోల్టుల దాకా దిగి మళ్లీ లేచింది, హెడ్‌లైట్లు ఒక్క క్షణం మసకబారాయి. ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకు, ఎండ నెత్తిన ఉండగా, తిప్పర్తి దాకా వెళ్లి అదే హోటల్ ముందు ఇంజిన్ ఆపి, పది నిమిషాలు కూర్చుని, మళ్లీ తాళం తిప్పాను. ఇంజిన్ వెంటనే అందుకుంది. మళ్లీ ఆపి, మళ్లీ తిప్పాను. అలా ఎనిమిదిసార్లు చూసి ఇంటికి బయలుదేరాను.