ఉత్తరం సందులో దసరా రంగులు

బతుకమ్మ తొమ్మిది రోజులూ మా వీధికి రంగుల కరువుండదు. తంగేడు, బంతి, అద్దకాలు వేసిన గునుగు. కానీ అవన్నీ ఎండ తిని పూసే పూలు. మా ఇంటికి ఉత్తరాన, గోడకీ ప్రహరీకీ మధ్య ఐదడుగుల సందు ఉంది. పక్కింటి వేపచెట్టు సగం దాని మీదే వాలి ఉంటుంది. అక్కడ బంతి నాటితే బారెడు సాగి ఒక్క మొగ్గ వేసింది, అదీ విచ్చుకోలేదు. మూడేళ్ళు ఆ సందును చీపుర్లకూ పాత బకెట్లకూ వదిలేశాను.

పోయినేడు దసరా సెలవుల్లో మళ్ళీ మనసు పుట్టింది. పూలు కాదు, ఈసారి ఆకుల రంగులు. ఆ సందు నీడ ఏడాదంతా ఒకేలా ఉండదని కూడా అప్పటికి గమనించాను. నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కదా, మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు ఉత్తరం గోడ కూడా కాలుతుంది. దసరా నాటికి దక్షిణానికి జరిగిపోతాడు. సందులో ఎండ పొడ ఉండదు, వెలుతురు మాత్రం బాగుంటుంది.

నర్సరీకి కడియం లారీ వచ్చిందని తెలిసి వెళ్ళి ముదురు ఎరుపు కోలియస్ నాలుగు, నిమ్మపచ్చ కోలియస్ రెండు, రియో, గులాబీ అంచు కార్డిలైన్, తెల్ల చారల స్పైడర్ ప్లాంట్, ఒక ఫెర్న్ తెచ్చాను. ఎరుపులన్నీ ఒకచోట పెట్టి గుమ్మం దగ్గర నిలబడి చూస్తే అక్కడేదో గొయ్యి ఉన్నట్టనిపించింది. నీడలో ముదురు ఎరుపు నలుపులోకి దిగిపోతుంది. మధ్యలో నిమ్మపచ్చ పెట్టాక గానీ అది ఎరుపని తెలియలేదు. చారల ఆకు పక్కన మచ్చల ఆకు పెడితే పోచంపల్లి చీర మీదికి పూల జాకెట్టు తొడిగినట్టుంది. వాటి మధ్యకు సాదా పచ్చ ఫెర్న్ జరిపాను. రియో ఆకుకు అసలు అందం కింది వైపు ఊదా రంగులో ఉంది, నేల మీద పెడితే ఎవరికి కనబడుతుంది? మిగిలిన షాబాద్ బండ ముక్కలు నాలుగు పేర్చి దాన్ని పైకెక్కించాను. సాయంత్రం ఆరు దాటాక మిగతా రంగులన్నీ ఆరిపోయినా స్పైడర్ ప్లాంట్ తెల్ల చారలు మాత్రం కాసేపు కనబడుతూనే ఉంటాయి. అందుకే అది చివర్న, గోడ మూల.

నెల తిరక్కుండానే దాని ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగాయి, అగరుబత్తితో అంటించినట్టు. తర్వాత కార్డిలైన్ కూడా. నీళ్ళు చాలడం లేదేమో అని రెండు పూటలా పోశాను. నర్సరీ అతను సూపర్ ఫాస్ఫేట్ వేయమంటే అదీ వేశాను. ఇంకా ముదిరింది. కోలియస్, రియో మాత్రం నవనవలాడుతున్నాయి. నాకు టెన్షన్ ఎక్కడంటే, అన్నీ పోతుంటే ఒక దారి, కొన్నే పోతుంటే ఏమనుకోవాలి?

మా అత్తమ్మది మర్రిగూడ వైపు. ఆమె పళ్ళ మీద చిన్నప్పటి నుంచీ గోధుమ గీతలున్నాయి. ఒకరోజు నేను బకెట్ ఎత్తుతుంటే అరుగు మీంచి అడిగింది.

"ఏం నీళ్ళు పోస్తున్నవ్ బిడ్డా వాటికి?"

"ఫిల్టర్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్ళు అత్తమ్మా."

"బోరువేనా?"

"బోరువే."

ఆమె వచ్చి ఒక ఆకు కొస పట్టుకుని చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది.

ఆర్వో ఫిల్టర్ మనకు మంచి నీళ్ళిచ్చి, మిగిలిన ఉప్పులూ ఫ్లోరైడూ చిక్కబరిచి వేస్ట్ పైపులోకి తోస్తుంది. నీళ్ళు వృథా పోనివ్వడం లేదని మురుస్తూ నేను ఆ చిక్కటివే పోశాను. వేరు నుంచి నీళ్ళతో పాటు పైకెక్కిన ఫ్లోరైడ్ ఆకు కొస దగ్గర ఆగిపోతుంది. నీరు ఆవిరవుతుంది, అది పోదు. తాగునీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి అంటారు గానీ కార్డిలైన్, డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటి వాటికి ఒక్క మిల్లీగ్రాము కూడా భారమే. రాత్రంతా నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది, ఫ్లోరైడ్ పోదు. సూపర్ ఫాస్ఫేట్‌లో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, అంటే ఆ నెలంతా రెండు వైపుల నుంచీ నేనే పెట్టాను. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచమంతా పేరుంటే, నల్లగొండలో ఉండి నేను చేసిన పని ఇది.

మిషన్ భగీరథ నల్లా నీళ్ళు పోద్దామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "తాగే నీళ్ళు చెట్లకా?" వాళ్ళ ఊరి ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి తెలిసిన నేను వాదించలేదు. మేడ మీది వాన నీళ్ళ పైపుకు రెండొందల లీటర్ల డ్రమ్ము పెట్టాను. మాడిన కొసలు మళ్ళీ పచ్చబడవు, ఆకు ఆకారం చెడకుండా కత్తెరతో ఏటవాలుగా తీసేశాను.

ఈసారి కుండీలు సర్దింది రంగును బట్టి కాదు, నీటిని బట్టి. డ్రమ్ము వైపు స్పైడర్, కార్డిలైన్. బోరు నల్లా వైపు ఆ నీళ్ళకు ఏమీ అనని కోలియస్, రియో. దాంతో గులాబీ అంచు పక్కన నిమ్మపచ్చ లేకుండా పోయింది. కోలియస్ కొమ్మ ఒకటి తుంచి నీళ్ళ గ్లాసులో పెడితే వారం పది రోజుల్లో వేళ్ళొచ్చాయి, దాన్ని ఇటు తెచ్చి నాటాను. పూత కంకి కనబడగానే గిల్లేస్తున్నాను, లేకపోతే ఆకు చిన్నదైపోతుంది.

ఈ దసరాకు కొత్త ఆకులు కొస దాకా శుభ్రంగా ఉన్నాయి. వానలు ఆగేసరికి డ్రమ్ము నిండుగా ఉంది. రోజు మార్చి రోజు మూడు లీటర్లు, లెక్క ప్రకారం ఫిబ్రవరి చివరి దాకా రావాలి. అత్తమ్మ ఈసారి ఇంకా రాలేదు. నిన్న ఫోన్‌లో మొక్కల గురించి అడగలేదు. "డ్రమ్ముకు గుడ్డ కట్టినవా? దోమలు గుడ్లు పెడతయ్" అంది.

పాత చున్నీ, రెండు మడతలు వేసి కట్టాను.