జానెడు టేపు

2024 డిసెంబరులో కెనడా రాక్ గాయకుడు బ్రయన్ ఆడమ్స్ కచేరీకి హైదరాబాద్ వచ్చాడు. మేం ముగ్గురం వెళ్ళాం, నాలుగోవాడు రాలేకపోయాడు. మోకాలి ఆపరేషన్ అయి హనుమకొండలో ఇంటిపట్టునే ఉన్నాడు. నిజానికి మా అందరికీ ఆ పాటలు వినిపించింది వాడి టేప్‌రికార్డరే. వాడు లేకుండా చూసొచ్చామన్న బాధ ముగ్గురికీ ఉంది. అందుకే మర్నాడు పొద్దున్నే సికింద్రాబాద్‌లో కాజీపేట రైలెక్కాం.

కచేరీలో జరిగిన ఒక సంగతి వాడికి ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆడమ్స్ అరవై ఐదేళ్ళ మనిషి, గొంతులో ఆ గరుకు అలాగే ఉంది. పక్కన గిటార్‌తో కీత్ స్కాట్, మా క్యాసెట్‌లో వాయించిన మనిషే. 'సమ్మర్ ఆఫ్ సిక్స్‌టీనైన్' మొదలవగానే మైదానమంతా గొంతు కలిపింది. మేమూ అరిచి పాడాం. మొదటి చరణంలో ఒకచోట మేం ముగ్గురం ఒక్కసారే ఒక లైను దాటేసి ముందుకు పోయాం. చుట్టూ అందరూ ఒక మాట పాడుతుంటే మా నోట్లో తర్వాతి మాట ఉంది. ముందున్న కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు. మాకు మాత్రం ఎందుకో వెంటనే తెలిసిపోయింది. నా పక్కనున్నవాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రైలు భువనగిరి గుట్ట దాటింది, ఆలేరు, పెంబర్తి, జనగామ దాటింది. దారంతా పాటల ముచ్చటే. కాజీపేటలో దిగి ఆటో మాట్లాడుకుని ముందు కాలేజీ గేటు దగ్గర ఆగాం. ఇప్పుడది ఎన్ఐటీ. మాకు మాత్రం ఆర్ఈసీయే, అంటే రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ. దేశంలో మొట్టమొదటి ఆర్ఈసీ. నెహ్రూ శంకుస్థాపన చేసింది 1959 అక్టోబరు 10న. ఆడమ్స్ పుట్టింది అదే ఏడాది నవంబరు 5న. హాస్టల్లో ఈ లెక్క కనిపెట్టిన రోజు మాకు పండగే.

వరంగల్‌కి ఈ సంగీతం ఎలా వచ్చిందని మా పిల్లలు అడుగుతుంటారు. ఆర్ఈసీలో సగం సీట్లు బయటి రాష్ట్రాల వాళ్ళవి. మేం చేరిన 1986లో కలకత్తా, కేరళ, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ట్రంకు పెట్టెల్లో బట్టలతో పాటు క్యాసెట్లు మోసుకొచ్చారు. ఊళ్ళో బంద్‌లు, ఎన్‌కౌంటర్ వార్తలు. రాత్రి పూట బయటికి వెళ్ళాలంటే భయం. మెస్సులో తిని గదికి వచ్చాక ఉన్నదల్లా ఆ పాటలే. మా వింగులోని కలకత్తా అబ్బాయి దగ్గర ఆ పాట ఉన్న ఆడమ్స్ 'రెక్‌లెస్' ఆల్బమ్ ఉండేది, 1984 నవంబరులో వచ్చింది. దాన్ని మా నాలుగోవాడు హనుమకొండ చౌరస్తాలో రికార్డింగ్ సెంటర్‌కి తీసుకుపోయి సీ-90 క్యాసెట్‌లోకి ఎక్కించుకొచ్చాడు. ఒక వైపుకి నలభై ఐదు నిమిషాలు పడుతుంది. ఆల్బమ్ మొత్తం ఒక వైపే సరిపోయింది. రెండో వైపు డైర్ స్ట్రెయిట్స్ బ్యాండ్ పాటలు.

రెండో సంవత్సరం పరీక్షల ముందు టేప్‌రికార్డర్ ఆ క్యాసెట్‌ని నమిలేసింది. టేపు బయటికి లాగితే జానెడు మేర నలిగి జల్లెడైపోయింది. మావాడు బ్లేడుతో ఆ ముక్క కోసేసి, రెండు కొసలూ కలిపి, వెనక సన్నగా సెల్లోటేపు అంటించాడు. నాలుగు మిల్లీమీటర్లు కూడా లేని పట్టీ అది. శ్వాస బిగబట్టి చేసిన పని. క్యాసెట్‌లో టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే జానెడు టేపులో నాలుగు సెకన్ల పాట. ఆ తర్వాత రెండేళ్ళు ఆ నాలుగు సెకన్లు లేని పాటే విన్నాం. ఉద్యోగాలొచ్చాక సీడీలో, ఇప్పుడు ఫోన్‌లో పూర్తి పాట ఎన్నిసార్లు విన్నామో. అయినా గొంతెత్తి పాడితే నాలుక పాత దారే పడుతోంది.

వేయిస్తంభాల గుడి దగ్గర కాసేపు ఆగాం. 1163 నాటి గుడి. రాయి రాయికీ నెంబరు వేసి విప్పి, మళ్ళీ పేర్చిన కల్యాణ మంటపం 2024 మార్చిలోనే తెరిచారు. స్తంభం మీద చెయ్యి పెట్టి చూస్తే అతుకు తెలియలేదు.

మావాడు వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"ఎట్లుండెరా? గొంతు పోయిందా?"

"లేదురా, అట్లనే ఉంది."

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు గానీ కూర్చోలేదు. వదిన సర్వపిండి పెట్టింది, అంచులు కరకరలాడుతూ. తింటూ కచేరీలో లైను దాటేసిన సంగతి చెప్పాం. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కూతుర్ని పిలిచి, "అటక మీద అట్టపెట్టె ఉంటది, తీస్కరా బిడ్డా" అన్నాడు.

టేప్‌రికార్డర్ మోటారు తిరిగింది, చక్రాలు తిరగలేదు. మూత విప్పితే లోపలి రబ్బరు బెల్టు కరిగి బెల్లం పాకంలా అంటుకుపోయి ఉంది. నేను చౌరస్తాకి పరుగెత్తాను. రేడియోలు బాగుచేసే ముసలాయన ఒకరు దొరికారు. పుల్లీల చుట్టూ దారం తిప్పి కొలతలు తీసుకుని, బిస్కెట్ డబ్బాలోంచి ఒక బెల్టు ఏరి ఇచ్చారు. "ఈ కాలంల గూడ వింటున్నరా సార్" అని డబ్బులు తీసుకోనన్నారు, బలవంతంగా జేబులో పెట్టొచ్చాను. టేపు హెడ్ తుడవడానికి మోకాలి కట్టు కోసం తెచ్చిన దూది, స్పిరిటే పనికొచ్చాయి.

క్యాసెట్ మీద మావాడి చేతిరాత, నీలం ఇంకు వెలిసిపోయింది. పెన్సిల్ పెట్టి నాలుగు చుట్లు బిగించి లోపల పెట్టాం. ముందు బుస్సుమన్న శబ్దం. తర్వాత గిటార్. కొంచెం నెమ్మదిగా, కొంచెం మందంగా, మా హాస్టల్ గదిలో మోగినట్టే. స్కూలు దోస్తులతో కలిసి బ్యాండ్ పెట్టామనీ, శాయశక్తులా ప్రయత్నించామనీ ఆడమ్స్ పాడుతున్నాడు. అతుకు వచ్చింది. టక్‌మంది. నలుగురం ఒక్కసారే దూకాం, ఒక్క అక్షరం తేడా లేకుండా.

"పెద్దనాన్నా, మధ్యలో ఏదో పోయింది కదా?" అంది అమ్మాయి. తన ఫోన్‌లో అసలు పాట పెట్టి, సరిగ్గా అక్కడికే జరిపి వినిపించింది.

ఆ నాలుగు సెకన్లలో ఉన్నది ఇది: బ్యాండులో ఒకడు మానేసి వెళ్ళిపోయాడు, ఇంకొకడికి పెళ్ళయిపోయింది.

మావాడు ఫోన్ తీసుకుని ఆ ముక్క మళ్ళీ విన్నాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, క్యాసెట్ తిప్పి రెండో వైపు పెట్టమన్నాడు.