బ్రేక్ పెడల్ దిగిపోతోందంటే "సార్‌ని పంపండి" అన్నారు

ఈ సాయంత్రమే బండి బాగైంది. కోపం మాత్రం తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

నాది 2014 మోడల్ చిన్న కారు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏర్పాటు) లేదు. మూడు వారాల కిందట బెంగళూరు కేఆర్ పురం హ్యాంగింగ్ బ్రిడ్జి దిగే వాలులో ట్రాఫిక్ ఆగిపోయింది. బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చున్నా. పెడల్ నా పాదం కిందే మెల్లగా దిగుతూ పోయింది, కారు ముందున్న ఆటో మీదికి జరిగింది. హ్యాండ్ బ్రేక్ లాగాను. కాలు తీసి మళ్లీ తొక్కితే ఏమీ జరగనట్టు గట్టిగా ఉంది.

మర్నాడే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లా. అడ్వైజర్ ఒక రౌండ్ కొట్టి వచ్చి, "పెడల్ బాగానే ఉంది మేడం, బ్రేక్ ఆయిల్ నిండుగా ఉంది, లీకేజీ లేదు" అన్నాడు. మెల్లగా తొక్కి పట్టుకుని చూడమన్నాను. వినిపించుకోలేదు. "సార్‌ని పంపండి మేడం, ఆయనకైతే చెప్పొచ్చు" అన్నాడు, పదిమంది ముందు. పక్కన టీ తాగుతున్న ఇద్దరు నవ్వారు. మా ఆయనకు లైసెన్సే లేదు. ఈ బండి కొన్నప్పటి నుంచి నడుపుతున్నది నేను. రాత్రిపూట మొగిలి ఘాట్ దిగి చిత్తూరు పోయి వస్తాను. నా కాలి కింద పెడల్ ఏం చేస్తోందో నాకు తెలియదా? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

చివరికి ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చి, బ్రేక్ పైపుల్లోంచి ఎయిర్ తీసి 6,400 బిల్లు వేశారు. పాత ప్యాడ్లు చూపించమంటే స్క్రాప్‌లో పడేశామన్నారు. మీరు మాత్రం పని మొదలుపెట్టకముందే పాత సామాన్లు కావాలని చెప్పి, జాబ్ కార్డులో (చేయాల్సిన పనులు రాసే కాగితంలో) రాయించుకోండి. రెండు రోజులకు పెడల్ ఇంకా తొందరగా దిగడం మొదలైంది. ఇక బండి బయటికి తీయలేదు.

మా వీధి చివర హిందూపురం మెకానిక్ ఒకాయన ఉన్నాడు. సామాన్లు స్కూటర్ మీద పెట్టుకుని మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌కే వచ్చాడు. చెప్పిందంతా పూర్తిగా విన్నాడు. "నువ్వే కూర్చో అమ్మా" అన్నాడు. ఇంజిన్ ఆపి ఐదారుసార్లు తొక్కించాడు, మన తొక్కుడుకి బలం పెంచే బూస్టర్‌లో వ్యాక్యూమ్ పోవాలని. తర్వాత మెల్లగా తొక్కి అలాగే పట్టుకోమని, తలుపు దగ్గర గొంతుకూర్చుని అంకెలు లెక్కపెట్టాడు. ఇరవై అనేసరికి పెడల్ మ్యాట్‌ను తాకింది. ఒక్కసారిగా గట్టిగా తొక్కమన్నాడు. నిలబడింది!

"అదే అమ్మా సంగతి. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టేది మాస్టర్ సిలిండర్. అందులో రబ్బరు కప్పు అరిగితే మెల్లగా తొక్కినప్పుడు ఆయిల్ దాని అంచు దాటి వెనక్కి పోతుంది. గట్టిగా తొక్కితే అంచు విచ్చుకుని సిలిండర్‌కి అతుక్కుంటుంది. ఆయిల్ బయటికి రాదు కాబట్టి ట్యాంకులో తగ్గదు."

అంటే ఆ అడ్వైజర్ గట్టిగా తొక్కే చూశాడన్నమాట. అయినా అనుమానం మిగలకూడదని మెకానిక్ సిలిండర్ నుంచి పోయే పైపులు విప్పి, ఆ రంధ్రాలకు ప్లగ్గులు బిగించి మళ్లీ తొక్కించాడు. అప్పుడూ దిగింది. ఇక చక్రాల వైపు తప్పు లేనట్టే. ఏబీఎస్ ఉన్న బండిలో ఆ యూనిట్ లోపల వాల్వు కారినా ఇలాగే దిగుతుందట, అందుకని వాళ్లకు ఈ పరీక్ష ఇంకా ముఖ్యం.

సిలిండర్ విప్పి కప్పు నా అరచేతిలో పెట్టాడు. అంచున ఒకచోట గోరంత చీలిక. లోపల టార్చ్ వేసి చూపించాడు: రోజూ పిస్టన్ కదిలే మేర అద్దంలా ఉంది, దాని అవతల తుప్పు మచ్చలు. సర్వీస్ సెంటర్‌లో ఎయిర్ తీసేటప్పుడు పెడల్ నేలదాకా తొక్కి ఉంటారు, ఆ కప్పు తుప్పు మీదికి పోయి చీలి ఉంటుందన్నాడు. నేనూ అదే నమ్ముతున్నా.

జేసీ రోడ్డులో కొత్త సిలిండర్ 2,600కి దొరికింది. రబ్బరు కిట్ మాత్రమే వేద్దామంటే తుప్పు పట్టిన గోడ కొత్త కప్పునూ తినేస్తుందని ఒప్పుకోలేదు. బిగించడం, డాట్ 4 ఆయిల్ పోసి ఎయిర్ తీయడం గంటన్నరలో అయిపోయింది. కూలి 900.

మీ బండిలో పెడల్ స్పాంజిలా మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు తొక్కితే గట్టిపడితే పైపుల్లో గాలి ఉండొచ్చు. ట్యాంకులో ఆయిల్ తగ్గుతుంటే టైర్ల లోపలి వైపు తడి వెతకండి, బూస్టర్ మీద పెయింట్ ఊడిందేమో చూడండి, బ్రేక్ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది. తొక్కి పట్టుకుని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు పెడల్ కొంచెం దిగితే భయపడకండి, అది బూస్టర్ పని. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్పించండి. నేను ఐదేళ్లుగా మార్పించలేదు, ఆ తుప్పు అందుకే. దిగే పెడల్‌తో మాత్రం రోడ్డెక్కకండి.

చీలిన కప్పును కవర్లో పెట్టి, పెడల్ దిగుతుంటే తీసిన వీడియోతో సహా సర్వీస్ సెంటర్ మేనేజర్ టేబుల్ మీద పెట్టొచ్చాను. ఎయిర్ తీసిన డబ్బులు తిరిగిచ్చారు. ప్యాడ్ల డబ్బులు మాత్రం "ఇవ్వం" అన్నారు. సోమవారం మళ్లీ వెళ్తున్నా, ఒక్కదాన్నే.