న ప్రమదితవ్యమ్: చైనా బడిలో ఒక పెద్దల పండుగ

"సత్యం వద, ధర్మం చర" అని బడి గోడల మీద రాసి ఉండడం మనందరం చూసిందే. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగిసిన శిష్యుడికి గురువు చెప్పే మాటలవి. అక్కణ్ణించి కొంచెం ముందుకెళ్తే "మాతృదేవో భవ, పితృదేవో భవ" వస్తాయి. అవీ అందరికీ కంఠతా వచ్చు. సరిగ్గా "మాతృదేవో భవ"కి ముందు ఇంకో వాక్యం ఉంది, దాన్ని గోడల మీద ఎవరూ రాయరు: "దేవపితృకార్యాభ్యాం న ప్రమదితవ్యమ్". దేవతల పనిలోనూ పితృదేవతల పనిలోనూ ఏమరుపాటు పనికిరాదు అని అర్థం. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని దీన్ని ఎన్నోసార్లు వల్లె వేశాను. అది నిజంగా నా మనసుకు తగిలింది మాత్రం చైనాలో, ఒక బడి వంటగదిలో.

హాంగ్జౌకి దగ్గర్లో ఒక ఊరి బడిలో ఇంగ్లిష్ టీచర్‌గా చేరి అప్పటికి ఏడు నెలలైంది. ఆ ఫాల్గుణంలో నాన్న తద్దినం వచ్చింది. తద్దినం పెట్టేది తమ్ముడే. ఆడపిల్లగా నేను చేసేదల్లా పొద్దున్నే తలస్నానం చేసి, అక్కడ భోక్తలు లేచేదాకా ఏమీ ముట్టకుండా ఉండడం. పెళ్ళయ్యాక కూడా ఏ ఏడూ తప్పలేదు. ఆ ఏడు పరీక్ష పేపర్లు, టెన్షన్, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, "తమ్ముడు పిండాలు పెట్టాడే, కాకి వెంటనే వచ్చి ముట్టింది" అన్నాక గానీ నాకు గుర్తు రాలేదు. పొద్దున క్యాంటీన్‌లో కడుపునిండా తిన్నాను. అమ్మకి ఆ మాట చెప్పలేకపోయాను.

తర్వాత కొద్ది రోజులకే చైనావాళ్ళ పెద్దల పండుగ ఛింగ్‌మింగ్ వచ్చింది. ఛింగ్ అంటే తేట, మింగ్ అంటే వెలుగు. మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు తర్వాత 15వ రోజున వస్తుంది. సూర్యుడి గమనం లెక్క కాబట్టి, మన సంక్రాంతిలాగే తారీఖు పెద్దగా మారదు, ఏప్రిల్ 4 గానీ 5 గానీ అవుతుంది. 2008 నుంచి దేశమంతా సెలవు. ఆ రోజు ఇంటిల్లిపాదీ పెద్దల సమాధుల దగ్గరికి వెళ్ళి కలుపు పీకి, ఊడ్చి, వెలిసిపోయిన పేర్లకి మళ్ళీ రంగు దిద్దుతారు. పండ్లూ అన్నమూ పెట్టి, అగరొత్తులు వెలిగించి, మోకాళ్ళ మీద వంగి మొక్కుతారు.

సెలవుకి ముందు బడిలో ఛింగ్‌త్వాన్ చేయించారు. ఇవి ఆకుపచ్చ ఉండలు. ఐదో తరగతి పిల్లలతో పాటు నన్నూ వంటగదిలోకి పిలిచారు. పెద్ద గిన్నెలో ఏదో ఆకు ఉడుకుతోంది. మూత తీయగానే ఆవిరి ముఖానికి కొట్టింది. ఆ వాసన నాకు తెలుసు! ఘాటుగా, కొంచెం చేదుగా, కర్పూరం కలిసినట్టు. వినాయక చవితి నాడు పత్రి బుట్టలోంచి వచ్చే వాసన. "సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి" అంటూ మొట్టమొదట స్వామికి వేసే ఆ మాచిపత్రి. వాళ్ళు ఆయ్‌ఛావ్ అంటారు. తర్వాత చూస్తే రెండూ ఒకే జాతి మొక్కలని తెలిసింది.

ఉడికిన ఆకుని గట్టిగా పిండి, మెత్తగా నూరి, బంక బియ్యప్పిండిలో కలిపి ముద్ద చేశారు. లోపల పెట్టే పూర్ణం ఎర్ర చిక్కుడు గింజలది, పంచదార వేసి మెత్తగా చేసింది. ముద్దని అరచేతిలో గిన్నెలా వత్తి, పూర్ణం పెట్టి, అంచులు మూసి గుండ్రంగా తిప్పాలి. నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. నా చేతులు పూర్ణం కుడుములు చేస్తున్నాయి. నా పక్కనున్న పాప నా ఉండ చూసి, "లావ్‌షి, మీకు ఇంతకుముందే వచ్చా?" అని ఆశ్చర్యపోయింది. లావ్‌షి అంటే టీచర్ అని. మా ఊళ్ళో దేవుడికి చేస్తాం అని చెప్పాను. "మేం మా తాతకి చేస్తాం" అంది.

మర్నాడు పిల్లల్ని ఊరి చివర అమరవీరుల శ్మశానానికి తీసుకెళ్ళారు. సన్నగా వాన పడుతోంది. అందరి చేతుల్లోనూ తెల్ల కాగితం పూలు, వాళ్ళు క్లాసులో చేసుకున్నవే. పూలు పెట్టడం ఐదు నిమిషాల్లో అయిపోయింది. నేను ఎక్కువసేపు చూసింది ఒక పిల్లవాణ్ణి. వాడికి తుడవమని ఇచ్చిన రాయి మీద పేరు లేదు, పేరు తెలియని వీరుడు అని మాత్రమే ఉంది. వాడు గుడ్డ తడిపి, పిండి, పై నుంచి కిందికి తుడిచాడు. అక్షరాల గాడుల్లో నాచు పట్టి ఉంటే, చిన్న పుల్ల తీసుకుని ఒక్కో గీతలోంచి గీకాడు. మళ్ళీ గుడ్డ తడిపాడు. పక్క పిల్లలు వెళ్ళిపోతున్నా తల ఎత్తలేదు. ఆ రాయి కింద ఉన్నాయన వాడికి ఏమీ కాడు.

తిరుగు దారిలో, మా బడిలో చైనీస్ చెప్పే పెద్దావిడ నాకు వాళ్ళ ప్రాచీన గురువు కన్ఫ్యూషియస్ మాట ఒకటి చెప్పారు. మూడే మూడు అక్షరాలు: జీ రూ జాయ్. పెద్దలకి అర్పించేటప్పుడు వాళ్ళు ఎదురుగా ఉన్నట్టే అర్పించాలి అని. ఉన్నారా లేరా అన్న వాదంలోకే ఆ మాట పోదు. మన శ్రాద్ధం అన్న మాట పుట్టింది శ్రద్ధలోంచే కదా. "శ్రద్ధయా దేయమ్" అని ఆ శీక్షావల్లిలోనే, ఆ గురువే అంటాడు.

ఆ రాత్రి ఉపనిషత్తు వాక్యం పదే పదే గుర్తొచ్చింది. మనం తెలుగులో ప్రమాదం అంటే ఆపద అనుకుంటాం. సంస్కృతంలో దాని అసలు అర్థం ఏమరుపాటు. బస్సు బోల్తా పడడం కాదు, డ్రైవర్ రెప్పవాల్చిన ఆ క్షణమే ప్రమాదం. నాకు ఫాల్గుణంలో జరిగింది అదే. గురువు "శ్రాద్ధం చెయ్యి" అని చెప్పి ఊరుకోలేదు, అందులో ఏమరకు అన్నాడు. అదీ బడిలో, బయటి ప్రపంచంలోకి అడుగు పెట్టబోతున్న కుర్రాడికి, పని ఒత్తిడి అంటే ఏమిటో ఇంకా తెలియని వాడికి చెప్పాడు. ఇది ఇంట్లో నేర్పుతార్లే అని ఆయన వదిలేయలేదు. నేను చూసిన బడిలోనూ వదిలేయలేదు. మన బడుల్లో పెత్రమాస గురించి గానీ, సంక్రాంతికి పెద్దలకి ఎందుకు పెట్టుకుంటామో గానీ పిల్లలకి ఎవరైనా చెప్తున్నారా? నేనూ టీచర్నే. పదకొండేళ్ళ సర్వీసులో ఒక్క రోజూ చెప్పలేదు.

అమ్మకి ఫోన్ చేసి, ఆ రోజు తిన్న సంగతి ముందు చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. "మీ నాన్న ఆకలితో ఉన్న పిల్లని చూసి కోప్పడే మనిషా?" అంది చివరికి. తర్పణాల్లో తమ్ముడు చెప్పే పేర్లు చెప్పమన్నాను. నాన్న, తాత, ముత్తాత, ముగ్గురివీ గబగబా చెప్పింది. నాయనమ్మ పేరు నాకు తెలుసు. తాతమ్మ పేరు అమ్మ కాస్త ఆలోచించి చెప్పింది. ఆవిడ అత్తగారి పేరు దగ్గర ఆగిపోయింది. "అందరూ పెద్దమ్మగారు అనేవారే. మీ మేనత్తని కనుక్కుని పొద్దున చెప్తా" అంది.

ఐదు పేర్లూ నోటుపుస్తకంలో వరసగా రాసి, ఆరోదానికి ఒక గీత ఖాళీగా ఉంచాను. పక్కన పళ్ళెంలో బడి నుంచి తెచ్చుకున్న ఛింగ్‌త్వాన్ రెండు ఉన్నాయి, చల్లారిపోయినా ఇంకా మాచిపత్రి వాసన వస్తూనే ఉంది.